బీరువా తాళంచెవి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాకు చదువు చెప్పిన గురువులు ముందు వరసలో కూర్చుని ఉండగా మైకు పట్టుకోవడం కొంచెం భయంగానే ఉంది. ప్రాథమిక పాఠశాల గ్రంథాలయం గురించి మాట్లాడమన్నారు. నాకా అర్హత ఎంతుందో, ముందు ఒక సంగతి చెబుతాను, మీరే తేల్చండి.

టీచరుగా చేరిన కొత్తలో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు కింద వచ్చిన పుస్తకాల బీరువా నాకు అప్పగించారు. 1987లో మొదలైన పథకం అది, మనలో టీచర్లయిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టిన క్షణం నుంచి అవి నా కంటికి పుస్తకాల్లా కాదు, బాకీలా కనిపించాయి. ఒక్కటి పోయినా ఛార్జి ఇచ్చేటప్పుడు నా జేబులోంచి కట్టాలి కదా! తాళంచెవి మొలతాడుకు కట్టుకోలేదు గానీ, అంత పనీ చేశాను. మూడేళ్ల తర్వాత తెరిస్తే కింది అర అంతా చెదపట్టి ఉంది. పిల్లలు చింపినా అన్ని పోయేవి కావు.

మిగిలినవి బయట పెట్టాను. తర్వాత్తర్వాత కొత్తవీ చేరాయి. ఒకరోజు అయిదో తరగతి పిల్ల రెండు పుస్తకాలు పట్టుకొచ్చింది. "సార్, ఇందులో గ్రహాలు తొమ్మిదన్నారు, ఇందులో ఎనిమిదన్నారు. ఏది అబద్ధం?"

"పాఠ్యపుస్తకంలో ఏదుంటే అది రాయమ్మా" అన్నాను, పని తొందరలో. ఇంటికి వెళ్లాక ఆ జవాబుకు నాకే సిగ్గేసింది. మర్నాడు ఆ రెండూ తెప్పించి, అట్ట తిప్పగానే ఎవరూ చదవని పేజీ ఒకటుంటుందే, అది చూపించాను. ఒకటి 1990ల్లో అచ్చయింది. రెండోది 2006 తర్వాతది. ఆ ఏడాది ఆగస్టులో అంతర్జాతీయ ఖగోళ సంఘం గ్రహమంటే ఏమిటో నిర్వచించి, ప్లూటోను మరుగుజ్జు గ్రహాల్లో చేర్చింది. ఎవరూ అబద్ధమాడలేదు. ఆ వారమంతా పిల్లలకు కనబడిన ప్రతి పుస్తకంలోనూ అచ్చయిన సంవత్సరం వెతకడమే పని! ఒకడు నా పంచాంగం కూడా తిప్పి చూశాడు.

సమాచార అక్షరాస్యత అని ఇప్పుడు పెద్ద పేరు పెట్టారు గానీ, పసివాళ్ల దగ్గర అది ఇంతే. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఇంకో పుస్తకం ఏమంటోంది. విషయసూచిక చూసి కావలసిన పేజీకి వెళ్లడం. నిఘంటువులో మాట వెతకడం. గుణింతం ఎందుకు వల్లె వేయించామో పిల్లలకు అర్థమయ్యేది అక్కడే. "కీ"కి ముందు "కి" వస్తుందని తెలియకపోతే మాట దొరకదు మరి.

అందుకే పాత పుస్తకాలు పారేయవద్దంటాను. తెలంగాణ ఏర్పడినప్పుడు 10 జిల్లాలు, 2016 అక్టోబరులో 31, 2019లో 33. ఆంధ్రలో 13 ఉన్నవి 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత పటం పక్కన కొత్త పటం తగిలించండి చాలు, పాఠం అదే మొదలవుతుంది.

ఫోనులో అన్నీ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ ఫోనులో తిరిగే కబుర్లకు అచ్చయిన సంవత్సరం ఉండదు, రాసినవాడి పేరూ ఉండదు. మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "అందరికీ పంపండి" అంటూ వచ్చే వైద్యాలు చూస్తే, మనకు చిన్నప్పుడు ఆ పీరియడు లేదని తెలిసిపోతుంది. పంపేవాళ్లలో నేనూ ఉన్నాను లెండి.

2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలంది. దినపత్రికలు, కథల పుస్తకాలు కూడా అందులో ఉన్నాయి. పుస్తకం పోతే టీచరు గతేమిటో మాత్రం చెప్పలేదు.

ఈ స్వర్ణోత్సవానికి ముఖద్వారం కట్టిద్దామని సంఘం అనుకుంటోంది. వద్దనను. దానితోపాటు, మన ఆవరణలోని ప్రాథమిక పాఠశాలలో పోయిన, చిరిగిన పుస్తకాల ఖరీదు ఏటా సంఘమే భరిస్తుందని హెడ్మాస్టరు గారికి ఒక కాగితం రాసిద్దాం. బదులుగా వారానికో పీరియడు బీరువా తెరిచి ఉంచమని అడుగుదాం. ఆ కాగితం రాసుకొచ్చాను, మొదటి సంతకం పెట్టాను. సభ అయ్యాక కాఫీల దగ్గర ఉంటాను.