పాటకు కూడా 'సూచిక' ఉండాలి

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం, మెడికల్ బిల్లుల మధ్య సినిమా పాటల ముచ్చట ఏమిటని కొందరికి అనిపించవచ్చు. వాటి సంగతి ఎలాగూ మాట్లాడుకుంటాము. ఈ పది నిమిషాలు పాటకు ఇద్దాము.

టీవీ ముందు కూర్చున్నప్పుడు చాలా ఇళ్ళలో ఒక తగవు వస్తుంది. కొత్త పాట వినగానే మనం "ఇది మా రోజుల బాణీయే, కాపీ కొట్టారు" అంటాము. పిల్లలు ఊరుకోరు. ఫోనులో వెతికి, మన రోజుల పాట ఎక్కడి నుంచి వచ్చిందో చూపిస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే పోలికలన్నీ ఒక్క తీరువి కావు. మూడు రకాలుగా విడదీసి చూస్తే సగం తగవు తీరుతుంది.

మొదటిది చుట్టరికం. ఒకే రాగంలో పుట్టిన పాటలకు అక్కచెల్లెళ్ళ పోలిక ఉంటుంది. 'మాయాబజార్' (1957)లోని 'లాహిరి లాహిరి' మోహన రాగం. ఆ రాగానికి స, రి, గ, ప, ద అనే అయిదు స్వరాలే ఆధారం. 1961లో వచ్చిన హిందీ చిత్రం 'భాభీ కీ చూడియా'లో సుధీర్ ఫడ్కే గారు కట్టిన 'జ్యోతి కలశ్' కూడా ఆ అయిదు స్వరాల మీదనే నిలిచింది. ఒకటి వెన్నెలలో పడవ పాట, మరొకటి తెల్లవారుజాము పాట. దీన్ని కాపీ అంటే ఒకే తల్లి పిల్లలను చూసి ముక్కు దొంగిలించారన్నట్లు ఉంటుంది.

రెండవది బహిరంగంగా తెచ్చుకున్న అప్పు. కథతో పాటు బాణీ కూడా వస్తుంది. 1953 నాటి హిందీ 'అనార్కలి'కి సి. రామచంద్ర గారు కట్టిన 'యే జిందగీ ఉసీ కీ హై' బాణీయే 1955లో మన 'అనార్కలి'లో 'జీవితమే సఫలము' అయింది. అక్కడ లతా మంగేష్కర్, ఇక్కడ జిక్కి. అదే చిత్రంలో 'రాజశేఖరా' పాటను ఆదినారాయణరావు గారు సొంతంగా కట్టి, అప్పు తెచ్చుకున్నవాడు చేతకానివాడు కాదని చూపించారు.

ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగింది. 'మిస్సమ్మ' (1955)కు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టిన 'బృందావనమది' బాణీ 1957లో హిందీ 'మిస్ మేరీ'లోనూ వినిపించింది. ఆ చిత్రానికి సంగీత దర్శకులు హేమంత్ కుమార్ గారు. ఆదినారాయణరావు గారైతే 'సువర్ణ సుందరి'లోని తన 'హాయి హాయిగా' పాటను తానే హిందీకి తీసుకుపోయి 'కుహూ కుహూ'గా లతా, రఫీల చేత పాడించారు.

మూడవది పేరు చెప్పని అప్పు. తగవు పడవలసింది దీని దగ్గరే. 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి'కి ఇళయరాజా గారు కట్టిన 'అబ్బనీ తియ్యని' బాణీ, 1992లో హిందీ 'బేటా'లో 'ధక్ ధక్' పాటయి దేశమంతా మోగింది. అది ఆనంద్-మిలింద్‌ల పాటగానే చలామణి అయింది. 'మాయాబజార్'కు మొదట బాణీలు మొదలుపెట్టింది రాజేశ్వరరావు గారు. 'లాహిరి లాహిరి'తో సహా నాలుగు పాటల బాణీలు ఆయనవేనని సినీ చరిత్రకారులు రాశారు. వాద్యబృందంతో వాటికి ప్రాణం పోసి, మిగతా పాటలు పూర్తి చేసింది ఘంటసాల గారు. ఇద్దరూ మహానుభావులే. టైటిల్సులో మాత్రం ఒక్కరి పేరే ఉంది.

మనం ఆఫీసుల్లో రాసిన ఉత్తరాలు గుర్తు తెచ్చుకోండి. 'విషయము' కింద 'సూచిక' అని ఒక వరుస ఉండేది. ఏ ఉత్తరం, ఏ తేదీ ఆర్డరు ఆధారంగా రాస్తున్నామో అక్కడ చూపేవాళ్ళం. ఆధారం చూపినందువల్ల ఫైలు విలువ పెరిగిందే కాని తగ్గలేదు. పాటకు లేనిది ఆ వరుసే.

ఇక చట్టం ఏమంటున్నది? 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం మన శామీర్‌పేటలోనే ఉంది కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ అడగడం సబబే. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. బాణీ మీద హక్కు స్వరకర్త జీవితకాలం, ఆ తరువాత 60 ఏళ్ళు ఉంటుంది. అయితే నిర్మాత డబ్బు ఇచ్చి కట్టించుకున్న బాణీకి, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. 2012 సవరణతో కవికి, స్వరకర్తకు రాయల్టీలో వాటా దక్కింది. ఆ వాటాను వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరొకరికి రాసి ఇవ్వడానికి వీలు లేదు. ఫ్యామిలీ పెన్షన్ విలువ తెలిసిన మనకు ఇది వేరే విడమరచి చెప్పనక్కరలేదు.

కాని ఎవరు కట్టారో తెలియని పల్లెపాటకు ఆ రక్షణ లేదు. మన రెండు రోడ్లే చూడండి. మేడ్చల్ మీదుగా నాగపూర్ రోడ్డు పట్టుకుంటే తూప్రాన్, అది గద్దర్ గారి ఊరు. శామీర్‌పేట చెరువు దాటి కరీంనగర్ రోడ్డు పట్టుకుంటే గజ్వేల్ దగ్గర ప్రజ్ఞాపూర్, అది బి. నర్సింగరావు గారి ఊరు. నర్సింగరావు గారు నిర్మించగా 1980లో విడుదలైన 'మా భూమి'లో 'బండెనక బండి కట్టి' పాటను గద్దర్ గారు తెర మీద పాడారు. సాయుధ పోరాట కాలంలో దాన్ని కట్టింది బండి యాదగిరి గారు. పాట ఊరూరా తెలుసు, ఆ పేరు ఎందరికి తెలుసు?

2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలో 'సారంగదరియా' వచ్చింది. జానపద పల్లవిని తీసుకుని సుద్దాల అశోక్ తేజ గారు పాట రాశారు, మంగ్లీ పాడారు. అంతకు ముందే ఆ జానపదాన్ని టీవీలో పాడిన కోమలి, తన మాట ఏమిటని అడిగారు. దర్శకులు శేఖర్ కమ్ముల గారు ఆమెకు గుర్తింపు ఇస్తామని ప్రకటించారు. అడిగినందుకు ఒక పేరు దక్కింది. ఆమెకు ముందు తరాలుగా ఆ పాటను నిలిపిన అవ్వల పేర్లు అడిగేవారెవరు?

పొలాలు ప్లాట్లయిన మన మండలాలలో నాట్ల పాట పాడే సందర్భమే పోతున్నది. తెలిసిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. రేపు ఏ సినిమాలోనో ఆ బాణీ వినబడితే, ఇది మా ఊరిదని చెప్పడానికి మన దగ్గర కాగితం ముక్క ఉండదు.

అందుకే ఒక విన్నపం. మీ ఇంట్లో అమ్మగారో, అత్తగారో, అక్కగారో ఉంటే వారు బతుకమ్మ దగ్గర, నాట్లలో పాడిన పాటలను మనుమడి ఫోనులో రికార్డు చేయించండి. పాటకు ముందు వారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వారి నోటనే చెప్పించండి. ఒక కాపీ సంఘంలో ఇవ్వండి, రిజిస్టరు పెడదాము. రిజిస్టరు రాయడం మనకంటే ఎవరికి బాగా వచ్చు?

బాణీ పెట్టె కింద దాచే నగ కాదు, పదిమంది నోళ్ళలో తిరిగితేనే బతుకుతుంది. తీసుకోనివ్వండి. తీసుకున్నప్పుడు 'సూచిక' రాయమని అడుగుదాము. అడగాలంటే ముందు మన దగ్గర పేరు ఉండాలి.