గీత గీశాక మిగిలే పని

నగరిలో ఒక బడి మాస్టారి పేరున జరిగే ఉపన్యాసం ఇది. ఆయన తరగతిలో తెలుగు ఇళ్ల పిల్లలూ తమిళ ఇళ్ల పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. ఆ రెండు భాషలవాళ్లు ఊళ్ల కోసం తగవుపడ్డ నేల ఇది. అందుకే ఇవాళ క్షమ నేర్పే చదువు గురించి మాట్లాడాలనుకున్నాను.

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ ఎన్‌రైట్ అనే మనస్తత్వవేత్త 1985లో క్షమ మీద పరిశోధన మొదలుపెట్టారు. 1994లో అందుకోసం ఒక సంస్థనే నెలకొల్పారు. 2002లో ఆ చదువు ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ బడులకు చేరింది. అక్కడ క్యాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య దశాబ్దాల పాటు నెత్తురు పారింది. టీచర్లే పిల్లలకు కథలు చెబుతారు. తప్పు చేసినవాడు కూడా మనిషేనని ఆ కథల్లోంచి పిల్లలకు తోచాలి. తప్పును ఒప్పు అనమని ఆ పాఠం చెప్పదు, న్యాయం అడగొద్దనీ చెప్పదు.

మరి ఆ పాఠాన్నే అరబ్బీలోకి మార్చేసి, యుద్ధం చూసిన సిరియా, ఇరాక్ పిల్లల ముందు పెడితే చాలా? చాలదు. ఎన్‌రైట్ పాఠంలో క్షమ ఒక మనిషి మనసులో జరిగే పని. అరబ్బు పల్లెల్లో అది రెండు వంశాల మధ్య, నలుగురి ఎదుట జరిగే పని. దానికి వాళ్లకు తరతరాలుగా ‘సుల్హ్’ అనే ఆచారం ఉంది. హత్య జరిగితే పెద్దలు కలిసి బాధితుల ఇంటికి వెళతారు. ముందు కొంతకాలం ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తకూడదని మాట తీసుకుంటారు. తర్వాత పరిహారం తేలుస్తారు. చివరికి అందరూ చూస్తుండగా తెల్లగుడ్డకు ముడులు వేసి, చేతులు కలిపి, కలిసి భోంచేస్తారు. ఆ పిల్లలకు క్షమ పాఠం ఆ తెల్లగుడ్డ దగ్గర మొదలవ్వాలి. అయితే సుల్హ్‌లో మాట చెల్లేది ఎక్కువగా మగపెద్దలకే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి గోడు వినిపించాల్సిన చోటు బడే. అలవాటును గౌరవిస్తూనే ఈ లోటు పూడ్చడం పాఠం రాసేవాళ్ల బాధ్యత.

మన రచ్చబండలకూ ఇలాంటి లోటే ఉంది. బలమున్నవాడు కూర్చోబెట్టి చేయించిన రాజీని క్షమ అని పిలవడం నాకు సమ్మతం కాదు.

ఇక మన సంగతి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. తిరుత్తణితో పాటు తిరుపతి కూడా తమదేనని మ.పొ.శివజ్ఞానం నాయకత్వంలో తమిళులు ఉద్యమించారు. మనవాళ్లకేమో మద్రాసు పోయిన బాధ. తగవు తీర్చడానికి వచ్చిన మధ్యవర్తి పటాస్కర్ గ్రామాన్ని ప్రాతిపదికగా తీసుకున్నారు. ఏ ఊళ్లో ఏ భాష వాళ్లెక్కువో, ఆ ఊరు ఏ వైపుకు ఆనుకుని ఉందో చూసి తేల్చారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు మద్రాసు రాష్ట్రానికి వెళ్లాయి, సత్యవేడు ప్రాంతం మనవైపు వచ్చింది. సత్యవేడు వాళ్ల జిల్లా చెంగల్పట్టు నుంచి చిత్తూరుకు మారింది.

ఇక్కడ జరిగింది బెల్‌ఫాస్ట్ కాదు, సిరియా అంతకన్నా కాదు. ఆ దుఃఖాలతో మన తగవును తూచలేం. కానీ గీత గీశాక మిగిలే పని, మనసులు కలిపే పని, అన్నిచోట్లా ఉంటుంది. ఇక్కడ ఆ పని చేసింది ప్రభుత్వాలు కాదు. ఆడికృత్తిక పండుగకు నగరి, పుత్తూరు వైపు నుంచి పూలకావళ్లు భుజాన వేసుకుని తిరుత్తణి కొండెక్కే తెలుగువాళ్లు చేశారు. పెరటాసి నెలలో పసుపు బట్టలతో తిరుమలకు నడిచే తమిళులు చేశారు. ఈ ఊరి మగ్గాల మధ్య రెండు భాషల్లోనూ బేరమాడిన నేతగాళ్లు చేశారు. బడి మాత్రం పక్కకు తప్పుకుంది.

భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలో 350-ఎ అధికరణం 1956లోనే చేరింది. అయినా 2006లో తమిళనాడు తమిళాన్ని పదోతరగతి దాకా తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక, అటువైపు తెలుగు పిల్లల గొంతు చిన్నబోయింది. ఇక్కడి తమిళ పిల్లల సంగతి మనం ఎంత పట్టించుకున్నామో కూడా అడగాలి. ఎవరి భాషను పక్కన పెట్టించామో ఆ పిల్లవాడికి క్షమ గురించి పాఠం చెప్పే అర్హత మనకు ఎక్కడిది?

నేను కోరేది ఒక్క పాఠం. నగరి బడిలోనూ తిరుత్తణి బడిలోనూ అదే పాఠం, తెలుగులో, తమిళంలో. అందులో తిరుత్తణి పోయిన మనవాళ్ల బాధ తమిళ పిల్లలు చదవాలి. తిరుపతి తమదనుకున్నవాళ్ల బాధ మన పిల్లలు చదవాలి. రాయాల్సింది రెండు వైపుల టీచర్లు కలిసి. ఆ రోజులు చూసిన ముసలివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ వేసవి సెలవుల్లోనే వాళ్ల దగ్గరికి పిల్లల్ని నోటుపుస్తకాలతో పంపించండి.