పటములో స్వర్గము

సాయంవేళ పోచారము జలాశయపు గట్టున నిలిచి చూచువారికి ఆకాశము నీటిలో కనుపించును. పైనున్నది అందదు, క్రిందనున్నది చేయి చాచిన అందునట్లుండును. తెలంగాణపు పూర్వ చిత్రకారులు స్వర్గమును చిత్రించిన తీరు నాకు ఈ దృశ్యమును జ్ఞప్తికి తెచ్చుచుండును.

మధ్యయుగపు స్వర్గచిత్రణమనగానే పండితులు దేశాంతరముల వ్రాతప్రతులను పేర్కొందురు. 1436 ప్రాంతమున హిరాత్ నగరమున సిద్ధమై, నేడు పారిస్ జాతీయ గ్రంథాలయమునందున్న మేరాజ్ నామా అట్టిది. ప్రవక్త స్వర్గారోహణ గాథ అందు నీలవర్ణముతోను, బంగారముతోను వెలుగొందుచున్నది. అది రాజాస్థానమునకై వెలసిన గ్రంథము. పుటలు త్రిప్పి చూచు భాగ్యము కొందరిదే. మన పల్లెలలోనన్ననో, స్వర్గము గుడ్డపై చిత్రింపబడి నలుగురి నడుమ వ్రేలాడినది.

దీనినే పటమందురు. నేతబట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పూయుదురు. అది ఆరిన పిదప నకాషీ చిత్రకారులు ఇంగిలీకపు ఎరుపు, హరిదళపు పసుపు, నీలిమందు, దీపపు మసి మున్నగువానితో బొమ్మలు వ్రాయుదురు. చేర్యాల ఈ విద్యకు నేటికిని నిలయము. అనేక మూరల పొడవుగల ఆ పటము అడ్డపట్టీలుగా విభజింపబడి, గణపతితో ఆరంభమగును. కథకుడు చుట్టను విప్పుచు, బొమ్మలను కోలతో చూపుచు, పాడుచు కథ నడుపును. ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క పురాణము. దానిని చెప్పుటకు ఒక్కొక్క ఆశ్రితకులము కలదు.

పద్మశాలీలకు మార్కండేయ పురాణమును చెప్పువారు కూనపులివారు. దేవతలకు కట్టుబట్టలు కావలసివచ్చినవట. మార్కండేయుడు యజ్ఞము చేయగా, హోమగుండమునుండి భావనాఋషి నూలుండతో ఉద్భవించెను. విష్ణునాభికమలపు తంతువులే ఆ నూలు. అతడు వస్త్రములు నేసి దేవతలకు సమర్పించి, సూర్యుని కుమార్తెయైన భద్రావతిని పెండ్లాడెను. ఇది వారి పురాణము.

శ్రోతలు గమనింపవలసిన విశేషము ఇందే కలదు. లోకమున స్వర్గచిత్రములు సామాన్యముగా మానవునకు, "నీకు లేనిది అక్కడ కలదు" అని చెప్పును. ఈ పటమైతే నేతగానితో, "నీ చేతిలోనున్నది అక్కడ లేకపోయెను" అని చెప్పుచున్నది. ఇంద్రసభయంతటి సభకును మగ్గము అవసరమైనది. భూలోకమునకు ఏ యెరుపో, దేవలోకమునకును ఆ యెరుపే నేపథ్యము. పగలెల్ల గుంతమగ్గమున కాళ్ళు దింపి కూర్చుండి, రాత్రి ఈ కథ విన్నవానికి తన వృత్తి హీనమని ఎవరు చెప్పగలరు?

జీర్ణించిన పటమును నీటిలో విడిచి, క్రొత్తదానిని వ్రాయించుకొనుట ఆచారము. కావుననే మిక్కిలి పురాతనమైనవి మనకు అరుదుగా దక్కినవి. హైదరాబాదునందలి జగదీశ్ కమలా మిత్తల్ సంగ్రహాలయము కొన్ని పటములను భద్రపరచినది. కాని పూర్వము పటము పోయినను స్వర్గము పోలేదు. మరియొక పటమున అది మరల వెలసెడిది. నేడు కథకులు తగ్గిరి. నిడుపాటి పటములను వ్రాయించువారును తగ్గిరి. చిత్రకారులు గోడల కలంకారముగా చిన్న బొమ్మలను, ముఖములను చేసి జీవించుచున్నారు. అది వారి దోషము కాదు. అయినను, కథనుండి కత్తిరించిన దేవసభ కంటికి ఇంపైన బొమ్మ మాత్రమే. దానికి వస్త్రము నిచ్చిన నేతగాడు ప్రక్కపట్టీలోనే నిలిచిపోవును.

కావున మీ యూరికి పటము వచ్చిన రాత్రి చాప పరచుకొని, తుదివరకు కూర్చుండి వినుడు. పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టుడు. వినువారున్నంత కాలమే ఆ స్వర్గము చేయి చాచిన అందునంత దూరమున నుండును.