ఇంటి ప్లగ్గు, కారు బీమా, మోటారు కనెక్షను
(తిరువూరు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి, మామిడి వేసుకునేవాళ్లకు కరెంటు కారు ముచ్చటేంటని కొందరు నవ్వొచ్చు. ఆస్పత్రికో, పిల్లల కాలేజీకో విజయవాడ వెళ్లొస్తే నూట యాభై కిలోమీటర్లు. పెట్రోలు ధర మీకు తెలిసిందే. కొనమనీ చెప్పను, వద్దనీ చెప్పను. లెక్క చెబుతాను.

చిన్న కారు వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు తాగుతుంది. నెలకు వెయ్యి తిరిగితే 150 యూనిట్లు. ఇంట్లో ఇప్పటికే 120 కాలుతుంటే మొత్తం 270. మెలిక ఇక్కడే ఉంది. 2022లో ఖరారైన శ్లాబుల్లో యూనిట్‌కు 30 దాకా రూ.1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆపైన 400 దాకా 8.75. కారు వాడకం దాదాపు అంతా పై శ్లాబుల్లోనే పడుతుంది. 395 రూపాయల బిల్లు 1,411 అవుతుంది. సర్దుబాటు చార్జీలు, సుంకం వేరే. అంటే కారుకు వెయ్యి పైన. అదే పెట్రోలైతే ఆరు వేలు. తేడా పెద్దదే, కాదనను.

అయితే ఒక్కమాట గట్టిగా చెప్పాలి. తోటలో మోటారు కనెక్షనుకు కారు తగిలించకండి. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షను కింద అది అనధికార వాడకం, రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. డబ్బు ఒక్కటే కాదు. ఉచిత కరెంటు పోరాడి తెచ్చుకున్నాం. మోటార్లకు మీటర్లు వద్దని కొట్లాడుతున్నాం. ఒక్కడు షెడ్డులో కారు చార్జింగ్ పెడితే, చూశారా రైతులు ఏం చేస్తున్నారో అని ఊరందరినీ చూపిస్తారు. ఎకరంన్నర కౌలురైతు ఎందుకు మోయాలి ఆ నింద?

ఇక బీమా. థర్డ్ పార్టీ చవకే. 30 నుంచి 65 కిలోవాట్ల కారుకు ఏడాదికి రూ.2,904, వెయ్యి నుంచి 1,500 సీసీ పెట్రోలు కారుకు 3,416. కొత్త కారుకు మూడేళ్లది ఒకేసారి కట్టాలి, జీఎస్టీ అదనం. కానీ అది ఎదుటివాడి నష్టానికే. మన బండికి పైసా రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లో బళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. మనకూ కట్టలేరు ఉంది. సొంత నష్టానికి బీమా కారు విలువను బట్టి ఉంటుంది, ఆ విలువలో బ్యాటరీదే పెద్ద వాటా. నీళ్లు చేరినా, షార్ట్ సర్క్యూటైనా బ్యాటరీకి వర్తిస్తుందా అని అడిగి, పాలసీ కాగితంలో చూసుకున్నాకే సంతకం పెట్టండి.

ఇంట్లో వేరే వైరు, మంచి ఎర్తింగు వేయించి, లోడు పెంచమని దరఖాస్తు పెట్టుకోండి. లో వోల్టేజీ ఉన్న వీధుల పేర్లు ఈ సాయంత్రం మన కార్యదర్శికి రాసివ్వండి. ట్రాన్స్‌ఫార్మర్లు మార్చాలని సోమవారం సబ్‌స్టేషనులో అర్జీ ఇస్తున్నాం.