బండికి బండికి నడుమ ఎడము



కేసముద్రము స్టేషనులో నిలిచి చూచువారికి ఒక నియమము తెలియును. దారి నిరాటంకమని సిగ్నలు చూపినగాని వెనుక రైలు ముందుకు సాగరాదు. ముందు రైలు ఉన్నచోటనే గోడవలె నిలిచిపోయినను వెనుకది తాకక ఆగవలెనని దాని తాత్పర్యము. చోదకుడు ఏమరినను రక్షించుటకై ‘కవచ్’ అను యంత్రము వెలసినది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషనుల నడుమ దానిని పరీక్షింపగా, ఇంజను ముందున్న ఇంజనునకు 380 మీటర్ల దూరముననే తనంతట ఆగినది.

రహదారిపై ఇందుకు భిన్నమైన యోచన కలదు. 1997లో అమెరికాలోని శాండియాగోలో ఎనిమిది కార్లను, చోదకుల ప్రమేయము లేకయే, గంటకు 96 కిలోమీటర్ల వేగముతో, 6.5 మీటర్ల యెడముననే వరుసగా నడిపించిరి. ఒకే దారిలో ఎక్కువ బండ్లు సాగుటయే ప్రయోజనము.

ఇది సాహసము కాదా? లెక్క వేసి చూడుడు. రెండు కార్లు గంటకు 90 కిలోమీటర్ల వేగమున పోవుచున్నవి. ముందుది బ్రేకు వేసి సెకనుకు 29 కిలోమీటర్ల చొప్పున వేగము తగ్గించుకొనును. వెనుకది సెకనులో పదవవంతు ఆలస్యముగా మేల్కొని, 22 చొప్పుననే తగ్గించుకొనగలదు. ఎడము 1 మీటరైనచో, వేగభేదము పెరుగకముందే తాకును. ఆ తాకిడి వేగము 8 కిలోమీటర్లకు లోపు. 16 మీటర్లైనచో తాకనే తాకదు. 10 మీటర్లైనచో భేదము పెరిగి, 23 కిలోమీటర్ల వేగముతో ఢీకొనును. చాలీచాలని నడిమి యెడమే ప్రమాదకరము.

అయితే ముందు బండి బ్రేకుతో గాక, అడ్డువచ్చిన పశువునో చెట్టునో ఢీకొని హఠాత్తుగా నిలిచినచో ఈ లెక్క తప్పును. 2024 సెప్టెంబరు 1న కేసముద్రము, ఇంటికన్నె నడుమ వరదకు పట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయినది. దారి ఒక్కమారుగా తెగుట ఈ ఊరివారు చూచినదే. కావుననే ఆ విద్వాంసులు గుంపునకు గుంపునకు నడుమ పెద్ద యెడము విధించిరి.

మానవునకు మేల్కొనుటకే సుమారు ఒక సెకను పట్టును. 90 కిలోమీటర్ల వేగమున ఆ సెకనులోనే బండి 25 మీటర్లు సాగిపోవును. మార్కెట్టునకు పోవు పసుపు లారీని మోటారుసైకిలుపై అంటి వెంబడించు యువకుడు ఈ లెక్క నెరుగవలెను. యంత్రమునకు చెల్లిన చేరువ కంటికి చెల్లదు. విడిచిన యెడము వృథాయైన చోటు కాదు. ఇంటికి చేరుటకు ఉంచుకొన్న నిలువ.