పడవకు పలక నెన్నుకొనుట



చిత్తూరు సీమవారికి పడవల ప్రసంగ మేల యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. వానకై ఆకసమువంక చూచు సీమ మనది. మనలో పెక్కుమంది యెరిగిన నావ తెప్ప యొక్కటియే. ఏటేట ఫాల్గుణమాసమున తిరుమల స్వామి పుష్కరిణిలో అయిదు దినములు తెప్పోత్సవము జరిగి పున్నమితో ముగియును. నిలుకడ గల మంచినీటిలో, నలువైపుల మెట్లున్న కోనేటిలో తిరుగు తెప్ప అది.

అయితే 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా యేర్పడినపుడు సూళ్ళూరుపేట, తడ ప్రాంతములు నెల్లూరు జిల్లానుండి వచ్చి యిందు చేరినవి. వానితోపాటు పులికాటు సరస్సులో చాల భాగము మన జిల్లాదైనది. ఒడిశాలోని చిలికా తరువాత మన దేశమున పెద్దదైన ఉప్పునీటి సరస్సు ఇదియే. తడ మండలములోని ఇరకము దీవివారు తరతరములుగా భీములవారిపాళెము రేవునకు పడవను నమ్ముకొని వచ్చినవారు. బడిపిల్లలు, గర్భిణులు, సంతకు పోవువారు, వల వేయువారు, అందరి ప్రాణములకును ఆ పలకయే ఆధారము. కావున పడవకు పలక నెట్లు ఎన్నుకొనవలయునను విషయము ఇపుడు మన యింటి మాటయే.

పులికాటు సగటు లోతు ఒక మీటరు మాత్రమే. అట్టి నీటికి అడుగు చదునుగను, మేను తేలికగను ఉండు పడవ తగును. నేడు ఫైబరు పడవలు మెండైనను, చెక్కపడవ కట్టగోరువారు లేకపోలేదు. వారికి పొడవైన, ముడులు లేని మంచి దూలములు దొరకుట కష్టమైనది. మన శేషాచలపు ఎఱ్ఱచందనము లోకప్రసిద్ధమే. కాని అది నీట మునుగునంత బరువైనది, పైగా చట్టరక్షణలో నున్నది. ఈ చిక్కునకు విడుపు మెరైన్ ప్లైవుడ్డు.

మ్రానును త్రిప్పుచు పలుచని పొరలుగా చెక్కి, ఒక పొర పీచునకు మరియొక పొర పీచు అడ్డముగా నుండునట్లు బేసి సంఖ్యలో పేర్చి, జిగురు పూసి, వేడిమితో అదిమిన పలకయే ప్లైవుడ్డు. ఒంటి పలకవలె ఇది ఎండకు నిలువున విచ్చదు. తక్కువ బరువుతో ఎక్కువ బలము నిచ్చును. 1944 జూన్ 6న నార్మండీ తీరమున సైనికులను దింపిన హిగ్గిన్సు పడవల మేను చాలవరకు ప్లైవుడ్డుతో చేసినదే.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది వినుడు. ప్లైవుడ్డు గుణము పైపొరలో లేదు, లోపల నున్నది. పైన నున్నగా ఎఱ్ఱగా మెరయుటను బట్టి మోసపోరాదు. రంగు ఎవరైనను పూయగలరు. చూడవలసినవి రెండు: జిగురు, లోపొరలు.

మొదట జిగురు. అంగడిలో ‘వాటర్ ప్రూఫ్’ అను మాట అన్నిటికిని తగిలింతురు. ఆ మాటను విడిచి అంకెను అడుగుడు. మన దేశమున మెరైన్ ప్లైవుడ్డునకు ఏర్పరచిన ప్రమాణము ఐఎస్ 710. సామాన్యపు ప్లైవుడ్డునకు ఐఎస్ 303. తడికి తాళునని చెప్పు రెండవ రకపు మేలితరగతిని సలసల కాగు నీటిలో 8 గంటలు ఉంచి పరీక్షింతురు. మెరైన్ రకము 72 గంటలు ఉడికియు పొర విడువరాదు. వంటింటి అలమరకు మొదటిది చాలును, పడవకు చాలదు. ఫినాల్ ఫార్మాల్డిహైడు జిగురు ఈ పరీక్షకు నిలుచును. పలకపై ఐఎస్ఐ ముద్రయు, ఐఎస్ 710 అను అంకెయు, సీఎం/ఎల్ అని మొదలగు లైసెన్సు సంఖ్యయు ఉన్నవో లేవో చూడుడు. ఆ సంఖ్య నిజమైనదో కాదో ‘బీఐఎస్ కేర్’ అను ఆప్‌లో సరిచూచుకొనవచ్చును.

ముద్ర చూచితిమని కన్ను మూసికొనరాదు. ముద్రకు తరువాత మన పరీక్ష కలదు. పలక అంచును వెలుతురున చూడుడు. లోపొరల నడుమ సందులు, ఒకదానిపై నొకటి ఎక్కిన పొరలు కనబడినచో ఆ పలక వలదు. పలక నడుమ నాణెముతో తట్టుచు పొండు. డొల్ల చప్పుడు వచ్చిన చోట లోపల ఖాళీ యున్నదని తెలియును. ఆ ఖాళీలో చేరిన నీరు తిరిగి వెలికి రాదు. అచటినుండియే కుళ్ళు మొదలగును. ఒకే కొలతగల పలకలను తూచుడు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందము గల గర్జన్ పలక సుమారు 25 కిలోలు తూగును. అదే కొలతకు ఆఫ్రికా ఖండపు ఒకూమే చెక్కతో చేసినది చాల తేలిక. ఒకే రకములో బరువులు మిక్కిలి తేడాపడినచో కారణము అడుగుడు.

అన్నిటికంటె మేలైనది ఇంటి పరీక్ష. ఒక పలకనుండి జానెడు ముక్క కోసి, కుండలో కొన్ని గంటలు ఉడికించి, ఎండబెట్టి, మరల ఉడికింపుడు. ఇట్లు మూడు నాలుగు మారులు చేసి ఉలితో పొరను పెల్లగింపుడు. చెక్క పీచు చినిగి వచ్చినచో జిగురు చెక్కకంటె గట్టిదని అర్థము. పొర అద్దమువలె నున్నగా ఊడినచో ఆ సరకును తిరిగి పంపుడు.

మంచి పలక కొన్నంతనే పని తీరదు. ఉప్పునీటిలో టెరెడో అను జీవి కలదు. చూచుటకు పురుగు, జాతికి ఆలిచిప్పల చుట్టము. అది చెక్కను లోలోపలనే తొలిచివేయును. పైకి ఒక సన్నని రంధ్రము మాత్రమే కనబడును. మెరైన్ ప్లైవుడ్డునకు మందు పట్టించినను, దానినే నమ్మి ఊరకుండరాదు. పలకకు అంచు నోరువంటిది. కోసిన ప్రతి అంచునకును, మేకు దిగిన ప్రతి రంధ్రమునకును ఎపాక్సీ పట్టించి, అడుగునకు గాజునార గుడ్డ తొడుగుట మేలు. ఏటేట పడవను గట్టుకు చేర్చి గీతలు, పగుళ్ళు చూచి పూయవలయును.

మంచి పలకకు వెల ఎక్కువగును, నిజమే. కాని చెడ్డ పలకకును మంచి పలకకును వడ్రంగి కూలి ఒక్కటియే. చెడ్డ పలకతో కట్టినవాడు ఆ కూలిని రెండుమారులు చెల్లించును. అంతకంటె పెద్ద సంగతి మరియొకటి కలదు. ఇంటి తలుపు చెడినచో మార్చుకొందుము. సరస్సు నడుమ పొర విడినచో మార్చుకొను వ్యవధి యుండదు. కొనువాడు గట్టుపై నిలిచి మిగిల్చుకొన్న రూకలకు బదులు తీర్చవలసినది పడవలో కూర్చున్నవారు. పలక కొనునపుడు వారి ముఖములను తలచుకొనుడని నా మనవి.