క్రొత్త సంఘము: తొలి యేండ్లు

క్రొత్తగా క్రైస్తవ సంఘమును నెలకొల్పబూనువారు తొలుత మందిరమును గూర్చియే యోచింతురు. స్థలమెచ్చట, రేకులకెంత, గంట ఎక్కడ దొరకును? మా యభిప్రాయమున ఇవి చాల తరువాత రావలసిన ప్రశ్నలు.

దేవరకొండ ప్రాంతమునే చూతము. రష్యానుండి వచ్చిన మెన్నొనైట్ మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ 1890లో నల్లగొండ చేరెను. ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ పక్షమున జె. హెచ్. వోత్ దేవరకొండలో కేంద్రము నెలకొల్పెను. చరిత్రలలో వీరి పేర్లే కనబడును. కాని దొరగారి బంగళా ఒక్క యూర నుండగా సంఘములు దూరపు పల్లెలలో పుట్టినవి. ఆ మెట్టదారులు నడచి, ప్రొద్దు గ్రుంకినపిమ్మట కూలిజనమును కూర్చుండబెట్టి చదివి వినిపించినవారు తెలుగు ఉపదేశకులు, బైబిలు స్త్రీలు. కావున స్థలముకంటె ముందు వెదకవలసినది ఆ యూరివారిలోనే పెద్దరికము వహింపగలవారిని.

ఇంతకన్న చిక్కైన ప్రశ్న మరియొకటి కలదు. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుచు, అతనిని అప్పుడే సంఘమున చేర్చుకొనవచ్చునా? కోస్తాలోని ఒంగోలులో జాన్ క్లౌ అను బాప్టిస్టు మిషనరీ దీని నెదుర్కొనెను. 1867 జనవరి 1న ఎనిమిది మందితో అచ్చట సంఘ మేర్పడెను. తోళ్ల వ్యాపారము చేయుచుండిన యర్రగుంట్ల పేరయ్య తనవారికి బోధించుటతో అది పల్లెలకు ప్రాకెను. పిమ్మట ధాత కరువు వచ్చెను. క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంతభాగము త్రవ్వకమును గుత్తకు గైకొని వేలమందికి పని కల్పించెను. చేర్చుకొనుమని జనులు వేడినను, కరువుసాయము సాగినంతకాలము బాప్తిస్మము లీయలేదు. సాయము ముగిసినతరువాతనే, 1878 జులై 3న, వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను చెప్పుకొని మురియువారు అంతకుముందటి నెలల నిరీక్షణను తరచు మరతురు!

నేటి నాయకులును సహాయము పొందువారి జాబితాను, సభ్యుల పట్టికను వేర్వేరు చేతులలో నుంచవలెను. బియ్యమునకై చేరినారను నింద నాయకుని తాకదు. అది కూలి చేసికొని బ్రదుకు పేదలపై పడును. వారి బిడ్డలు బడిలో దానిని వినవలసివచ్చును.

ఇక ధనము. 1912లో దోర్నకల్ బిషప్పైన వి. ఎస్. అజరయ్య నిరుపేద గ్రామసంఘములు సైతము తమ కానుక తామీయవలెనని పట్టుబట్టెను. వంటకు కొలుచునప్పుడు గుప్పెడు గింజలు వేరుగా తీసియుంచు ఆచారము మన సంఘములలో తెలియనిది కాదు. బయటి చందాతో పైకప్పు వేయవచ్చును గాని, ఆ చందా నిలిచిననాడు దీపమునకు నూనె యెవరు పోయుదురు? పెట్టె తాళము ఇద్దరికడ నుండవలెను. నెలకొకమారు లెక్క అందరియెదుట చదువవలెను. స్థలపు దస్తావేజు కాపరి పేరగాని అతని బావమరది పేరగాని గాక, నమోదైన సంఘము పేరనే యుండవలెను. దీనిని అలక్ష్యముచేసి కోర్టులకెక్కిన సంఘములు కలవు.

ఒకే వాడలో పుట్టిన సంఘము ఆ వాడ సొత్తుగా మారు ప్రమాదము కలదు. మాలలును మాదిగలును వేర్వేరు చాపలపై కూర్చుండు చోట మరియొక వాడవా డేల వచ్చును? తండాలకు పోవువారు లంబాడీ భాష నేర్చుకొనక తప్పదు. తెలుగు ప్రసంగమును తలయూపి వినుట అంగీకారము కాదు.

ఈ మెట్టనేలల నుండి, ముఖ్యముగా పాలమూరు వైపు నుండి, పనులు లేని కాలమున కుటుంబములు వలసపోవుట చిరకాలముగా నున్నదే. సభ్యులు తగ్గిరని కాపరి క్రుంగనక్కరలేదు. వలసపోవువారిలో చదువ నేర్చిన యొకరిని, స్త్రీయైనను సరియే, ముందే నియమించి పంపినచో పనిచోటనే ప్రార్థన సాగును. ఊర మిగిలిన వృద్ధులను చూచుటకు మరియొకరిని నియమింపవలెను. కాపరియు అప్పుడప్పుడు పొరుగూరి కేగి, ఆ ఆదివారమున తాను లేకయే ఆరాధన జరిగెనో లేదో తిరిగివచ్చి విచారింపవలెను.